పది నిమిషాల వీణ

ఏటా వినాయక చవితి వెళ్ళి దసరా వచ్చే లోపల నాకు అమెరికా నుంచి ఫోనులు మొదలవుతాయి. అడిగేవారు మారతారు గాని ప్రశ్న మారదు. "మాస్టారూ, అమ్మాయి కాలేజీ దరఖాస్తుతో పాటు వీణ రికార్డింగు పంపాలి. ఏ కృతి వాయిస్తే సీటు వస్తుందంటారు?" బొబ్బిలిలో కూర్చుని నలుగురు పిల్లలకు ఎదురుగా, మరో నలుగురికి కంప్యూటరు తెర మీద పాఠాలు చెప్పుకొనే నాబోటివాడికి ఆ రహస్యం తెలిసి ఉంటుందని వారి నమ్మకం. ఏ కృతికీ సీటు రాదని, అసలు ప్రశ్నే మరోలా ఉండాలని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్న, నా అభిప్రాయం ఒకసారి వివరంగా రాసి పెట్టుకోవడం మేలనిపించింది.

సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. అమెరికాలో ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి., యేల్ వంటి విశ్వవిద్యాలయాలు ప్రవేశం కోరే విద్యార్థి తన సంగీతాన్ని రికార్డు చేసి పంపుకోవడానికి వీలు కల్పిస్తాయి. సంగీతమే చదవబోయేవారికి మాత్రమే కాదు, ఇంజనీరింగో జీవశాస్త్రమో చదవదలచినవారికి కూడా. తప్పనిసరి కాదు, ఇష్టమైతే పంపవచ్చు. నియమాలు చోటుచోటుకీ కొంత మారినా తరచుగా కనబడేది ఇది: మొత్తం మీద పది నిమిషాల లోపు, స్వభావంలో వేరువేరుగా ఉండే రెండు రచనలు. అక్కడి సంగీత శాఖ అధ్యాపకులు విని తమ అభిప్రాయం రాస్తారు. ప్రవేశాలు నిర్ణయించేవారు మార్కులు, వ్యాసాలు, ఉపాధ్యాయుల లేఖలు చూస్తూ దాన్నీ ఒకటిగా లెక్కలోకి తీసుకుంటారు. ఒకప్పుడు క్యాసెట్టో సీడీయో తపాలాలో పంపేవారు, ఇప్పుడంతా అంతర్జాలంలోనే.

ఈ పద్ధతి మన ఇళ్ళలో ఎలా అర్థమైందో చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. రికార్డింగు సాక్ష్యం. "ఈ పిల్లకు ఇంత వచ్చు" అని చెప్పే సాక్ష్యం. మనవాళ్ళు దాన్ని అలంకారం చేస్తున్నారు.

సంగీత పాఠశాలలో ప్రవేశం అనగానే మా ప్రాంతంలో ఎవరికైనా గుర్తొచ్చేది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ. 1919లో విజయనగరంలో విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. చూపు సరిగా ఆనక బడి చదువు వదులుకున్న ద్వారం వారు, అప్పటికి పాతికేళ్ళు దాటిన యువకుడు, విద్యార్థిగా చేరుదామని ఫిడేలు పట్టుకొని వెళ్ళారు. ఆయన వాయిద్యం విన్నవారు ఆయనను విద్యార్థిగా కాదు, ఫిడేలు అధ్యాపకుడిగా నియమించారు! 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. ఈ కథ చెప్పి మనం ద్వారం వారిని పొగిడి ఊరుకుంటాం. నాకు అంతకన్న విన్నవారి చెవుల మీద గౌరవం ఎక్కువ. దరఖాస్తు ఏమి అడిగిందో పక్కన పెట్టి, చెవిన పడినదాన్ని బట్టి నిర్ణయం మార్చుకోగలిగిన చెవులవి.

అయితే ఎదుట కూర్చుని వినిపించడమే ఉత్తమమని, రికార్డింగు దానికి దిగువదని నేను అనడం లేదు. అదే కళాశాలకు ఘంటసాల గారు ఎలా చేరారో గుర్తు చేసుకోండి. చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం వచ్చేసరికి కళాశాలకు సెలవులు. తలదాచుకోవడానికి చోటు వెతుక్కొని, మాధుకరం చేసుకొని పొట్ట నింపుకొని, చివరకు పట్రాయని సీతారామశాస్త్రి గారి ఇంట ఆదరణ పొందారు. మా పక్కనే ఉన్న సాలూరి వారాయన. శిష్యుల నుంచి కానీ ఆశించకుండా విద్య చెప్పిన మహానుభావుడు. ఘంటసాల గారికి ఆ గురువు దొరికారు కాబట్టి సరిపోయింది. దొరక్క వెనుదిరిగిపోయినవారి పేర్లు ఎక్కడా రాసి ఉండవు గదా. బండి ఖర్చుకు గతిలేని పిల్లవాడి గొంతు కూడా పెద్ద విద్యాలయం గుమ్మం దాటి లోపలికి వెళ్ళగలగడం సామాన్యమైన సంగతి కాదు. ఆ పనిని నేడు పది నిమిషాల ఫైలు చేస్తోంది. కనుకనే దాన్ని పాడు చేసుకోరాదని నా ఆరాటం.

ఎలా పాడు చేస్తున్నారో చెబుతాను. రెండేళ్ళ క్రితం ఒక కుటుంబం కాలిఫోర్నియా నుంచి వేసవి సెలవులకు వచ్చి, తమ అమ్మాయి వాయిస్తుండగా చిత్రీకరించడానికి మూడు కెమెరాలు, వెలుతురు దీపాలు మాట్లాడుకొన్నారు. వెనుక కోట కనబడాలట, మధ్యలో గొల్లపల్లిలో వీణ చెక్కుతున్న దృశ్యం రావాలట. శబ్దం మాత్రం అంతకు ముందే చెన్నపట్నంలో స్టూడియోలో చేయించారు, మృదంగం, ఘటం, మోర్సింగు సహా. అంటే ఆ పిల్ల ఇక్కడ వాయించనక్కర లేదు. వేళ్ళు ఆడిస్తే చాలు! ఆ పిల్ల నిజంగా బాగా వాయిస్తుంది, అదే నా బాధ. ఆమె వాయిద్యానికి ఇంత మేకప్పు ఎందుకు? వినే అధ్యాపకుడు సంగీతంలో తల పండినవాడు. వేలు కదిలిన చోటికీ స్వరం పలికిన చోటికీ పొంతన లేదని కనిపెట్టడానికి అతనికి కర్ణాటక సంగీతం తెలియనక్కర లేదు. అతనికి ఒక్కసారి అనుమానం వచ్చిందంటే ఆ పిల్ల పదేళ్ళ సాధన అంతా అనుమానం పాలవుతుంది.

అంతకన్న సూక్ష్మమైన అపాయం మరొకటి ఉంది. స్టూడియోల్లో శ్రుతిని సవరించే సాఫ్ట్‌వేరు వచ్చాక, గొంతు ఇటూ అటూ జారిన చోట సరిచేసి పంపడం మామూలైంది. ఆ యంత్రానికి తెలిసినవి పియానో మెట్ల వంటి పన్నెండు స్థానాలు. మన తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలిచే స్వరమా? ఊగుతూ ఉండటమే దాని ఉనికి. ఆ ఊపును తప్పుగా భావించి యంత్రం దగ్గరి మెట్టు మీద కూర్చోబెడితే, మిగిలేది తోడి కాదు. గాత్రం పంపేవారు ముఖ్యంగా దీన్ని గుర్తుంచుకోవాలి. డబ్బు పెట్టి గమకాన్ని చంపించుకోవడం విన్నారా ఎక్కడైనా?

ఈ సందర్భంలో ఆకాశవాణి వారి పాత పద్ధతిని తలచుకోకుండా ఉండలేను. 1950లలో బి.వి.కేస్కర్ కేంద్రమంత్రిగా ఉన్న కాలంలో ఆడిషన్ విధానం తెచ్చారు. పేరున్న విద్వాంసులకు పరీక్షలేమిటని అప్పట్లో పెద్ద దుమారమే లేచింది. వారి కోపంలో న్యాయం లేకపోలేదు. కాని కొత్తగా వచ్చే కళాకారుడి వరకు ఆ పద్ధతిలో ఒక నిక్కచ్చితనం ఉంది. తనకు వచ్చిన రాగాల, కృతుల పట్టిక ఇవ్వాలి; అందులో ఏది వాయించాలో అడిగేవారు వారు. శ్రుతి, తాళం, వాద్యం, అంతే. వాయించినవారెవరో తెలియకుండా వినడమే దానికి ప్రాణం. 1963లో మొదలైన విశాఖపట్నం కేంద్రానికి మా జిల్లాల నుంచి ఎందరు ఉదయపు బస్సులో వీణ ఒళ్ళో పెట్టుకొని వెళ్ళి వచ్చారో! స్టూడియో ఎర్ర దీపం వెలిగిందంటే మరి వెనక్కి తిరగడం ఉండదు. తీగ దిగితే దిగినట్టే, వేలు జారితే జారినట్టే. అమెరికా దరఖాస్తు రికార్డింగు చేసే పిల్లలకు నేను చెప్పేది కూడా ఇదే: ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్ళినట్టు వాయించండి. పెళ్ళి వీడియోకి కూర్చున్నట్టు కాదు.

మరి ఏమి వాయించాలి? వేగమైన కృతి వాయిస్తే చేయి బాగా తిరిగిందని తెలుస్తుంది. అది అవసరమే. కాని మన సంగీతంలో విద్యార్థి సొంత బుద్ధి కనబడేది మనోధర్మంలో. ఆలాపన, తానం, కల్పన స్వరం. పశ్చిమ దేశాల సంగీతం చదివిన పెద్ద ఆచార్యుడికి ఒక కృతిని విని, అది రాసి ఉన్నదా, ఈ పిల్ల అప్పటికప్పుడు కల్పించిందా అన్నది తెలియదు. ఆ తేడా మనమే చెప్పాలి. అందుకని రెండు ముక్కల్లో ఒకటి నాలుగైదు నిమిషాల ఆలాపన, తానం అయితే మంచిదంటాను. తానం వీణకు పుట్టిల్లు వంటిది గదా. రెండోది ఒక కృతి చరణం, దానికి రెండు ఆవర్తాల స్వరకల్పన. దరఖాస్తులో వివరణ రాసే చోట నాలుగు వాక్యాలు రాయాలి: మొదటి భాగానికి ముందుగా రాసిన సంగీతం లేదు, విద్యార్థిని అప్పటికప్పుడు కల్పించుకొంటున్నది, రెండో భాగంలో ఫలానా నిమిషం దాకా వాగ్గేయకారుడి రచన, అక్కడి నుంచి సొంతం. ఈ నాలుగు వాక్యాలు మూడు కెమెరాల కన్న ఎక్కువ పని చేస్తాయని నా గట్టి అభిప్రాయం.

పది నిమిషాల్లో ఆలాపన ఏమిటి, రాగానికి అన్యాయం కాదా అని అడిగే సంప్రదాయవాదులు నాకు తెలుసు. డెబ్భై ఎనిమిది చుట్ల గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పలికేది. ఆ కాలపు మహావిద్వాంసులు ఆ మూడు నిమిషాల్లోనే రాగం ముఖం చూపించారు. గంట సేపు వాయించగలవారికే మూడు నిమిషాల్లో కుదించడం చేతనవుతుందన్నది వేరే సంగతి! ఆ కుదింపును సాధన చేయడం కూడా పాఠమే. మా దగ్గర ఈ పాఠానికి మూడు వారాలు పడుతుంది. మొదటి రోజు పిల్లలు పంచమం చేరేసరికే గడియారం అయిపోతుంది.

వినేవారికి మన సంగీతం తెలియదేమో అన్న భయం కూడా కొంత అతిగా ఉంది. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచే కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు. వీణ ధనమ్మాళ్ మనుమలు, వేణువు టి.విశ్వనాథన్ గారు, మృదంగం టి.రంగనాథన్ గారు, అక్కడ తరాల విద్యార్థులను తయారు చేశారు. క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది. మిల్పిటాస్‌లో మన తెలుగువారే సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం పెట్టి సంగీతం, కూచిపూడి చెబుతున్నారు. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ తోడి తెలిసినవారు ఉంటారని కాదు. తెలియనివారు కూడా చేతులు చూస్తారు. ఎడమ చేతి వేలు సారణి తీగను మెట్టు మీద పక్కకు లాగి, ఒక్క మీటుకు మూడు స్వరాలు పలికించడం కళ్ళారా చూసిన ఏ సంగీతజ్ఞుడికైనా అందులోని కష్టం, అందం తెలియకపోదు. అందుకే కెమెరా ఒక్కటి చాలు, కదలకుండా, రెండు చేతులూ కనబడేలా. పట్టుచీర అంచు, కాసుల పేరు కనబడకపోయినా నష్టం లేదు.

గొల్లపల్లి మాట వచ్చింది కనుక ఒక సంగతి. మా సర్వసిద్ధి వారు పనస మొద్దును తొలిచి, కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే చెక్కలో తీసే ఏకాండ వీణకే బొబ్బిలి పేరు దేశమంతా పాకింది. 2011లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని ఇవాళ ఆ వీధిలోకి వెళితే ఎక్కువగా కనబడేవి మూరెడు, జానెడు బొమ్మ వీణలు. సభల్లో అతిథులకు శాలువాతో పాటు ఇచ్చేందుకు. అవి చేసి బతకడం వారికి తప్పదు. కచేరీ వీణ కొనేవారు ఏటికి ఎందరు? ఆ బొమ్మల్లో పనితనం తక్కువేమీ కాదు. మెట్లుంటాయి, బిరడాలుంటాయి, తీగలుంటాయి. మీటితే మాత్రం పలకవు. కోట ముందు తీసిన ఆ వీడియో చూసినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినవి ఆ బొమ్మ వీణలే.

సీటు కోసం సంగీతం నేర్పడమే తప్పని వాదించే మిత్రులతో మాత్రం నేను ఏకీభవించను. ద్వారం వారు వెళ్ళింది కూడా సీటు కోసమే గదా! విద్య జీవితంలో ఒక ద్వారం తెరిస్తే అది విద్యకు అవమానం ఎందుకవుతుంది? నన్ను నొప్పించేది ప్రవేశపత్రం వచ్చిన మర్నాటి నుంచి వీణ అటక ఎక్కడం. నా దగ్గర నేర్చిన విదేశీ పిల్లల్లో ఇలా మానేసినవారు సగానికి పైనే. వారిని తప్పు పట్టను, కొత్త ఊరు, కొత్త చదువు, పక్క గదివాళ్ళ నిద్ర. కాని పంపిన రికార్డింగు నిజమైనదైతే తిరిగి వీణ దగ్గరకు రావడం తేలిక అని గమనించాను. అది తమ చేతి శబ్దమని వారికి తెలుసు. స్టూడియోలో అతికించినదాన్ని నాలుగేళ్ళ తర్వాత విన్న పిల్ల, "అంత బాగా నాకెప్పుడూ రాలేదు మాస్టారూ" అని ఫోను పెట్టేసింది. అది నిజమే మరి.

ఇక మన ఊళ్ళ పిల్లల సంగతి. బొబ్బిలిలో ఇంటర్మీడియట్ చదివే పిల్ల పదేళ్ళు వీణ నేర్చినా, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు కూర్చునే నాటికి అది లెక్కలోకి రాదు. ఎన్.సి.సి.కి, ఆటలకు కోటా ఉంది, సంగీతానికి లేదు. తొమ్మిదో తరగతిలో వీణ మాన్పించే తండ్రికి నేనేమి చెప్పగలను? 2025-26 విద్యాసంవత్సరం నుంచి మద్రాసు ఐ.ఐ.టి. వారు లలితకళల్లో ప్రతిభ గలవారికి ప్రతి డిగ్రీ కోర్సులోనూ రెండేసి అదనపు సీట్లు పెట్టారు, అందులో ఒకటి ఆడపిల్లలకు. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొంది ఉండాలి. ఆ పైన జాతీయ పురస్కారాలు, కేంద్ర ఉపకార వేతనాలు, ఆకాశవాణి గ్రేడు వంటివాటికి విలువ కడతారు. ఇన్నాళ్ళకు ఆకాశవాణి ఆడిషన్ ఇంజనీరింగు సీటుకు పనికొచ్చిందంటే మా పాతకాలపు బస్సు ప్రయాణీకులు నమ్మేవారా! మంచిదే. అయినా అక్కడ చూసేది కాగితాన్నే. పిల్ల వాయించినదాన్ని ఎవరూ వినరు. పురస్కారం రావడానికి ముందు ఢిల్లీ దాకా వెళ్ళగల స్తోమత కావాలి.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఇంకో అడుగు వేయవచ్చు. విజయనగరంలోనే నూరేళ్ళు దాటిన సంగీత కళాశాల ఉంది. వినగల అధ్యాపకులు అక్కడే ఉన్నారు. కోర్సుకు ఒకటో రెండో అదనపు సీట్లు పెట్టి, పరీక్షలో అర్హత పొందిన పిల్లల నుంచి పది నిమిషాల రికార్డింగు తెప్పించుకొని, పేరు కనబడకుండా అంకె వేసి, ఆ అధ్యాపకుల చేత వినిపిస్తే ఖర్చెంత? మోసం జరుగుతుందంటారా, మొదటి వడపోతలో నిలిచినవారిని పిలిపించి ఎదురుగా వాయించమనవచ్చు. ఫోనులో తీసిన రికార్డింగు చాలు. స్టూడియో నాణ్యత అక్కరలేదని అమెరికా విశ్వవిద్యాలయాలే కొన్ని స్పష్టంగా చెబుతున్నాయి. కాని ఈ మాట మనవాళ్ళు ఎందుకో చదవరు, చదివినా నమ్మరు.

ఈ ఏడాది దరఖాస్తు చేసేవారికి ఒక విన్నపం. ముందస్తు దరఖాస్తుల గడువు చాలా చోట్ల నవంబరు ఒకటి. రికార్డింగు గడువు దానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, మీరు కోరే విశ్వవిద్యాలయం వారి పేజీలో చూసుకోండి. అక్టోబరు చివరి వారంలో ఫోను చేస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. సెప్టెంబరు మొదట్లో తీగలు మార్చండి. కొత్త తీగ సాగి నిలదొక్కుకోవడానికి రెండు వారాలైనా పడుతుంది. మేళం సరిచూడండి. అక్కడి చలికి మెట్ల కింద మైనం పెళుసెక్కి, నాలుగో మెట్టో ఐదో మెట్టో పక్కకు జరిగి, ఎంత సాధన చేసినా స్వరం తేడాగా పలుకుతూనే ఉంటుంది. పాపం పిల్లలు తమ చేతిదే లోపమనుకుంటారు. గది తలుపులు మూసి, ఏసీ ఆపి, ఫోనును వీణకు నాలుగడుగుల దూరంలో ఏ పుస్తకాల దొంతర మీదో నిలబెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా మూడుసార్లు వాయించి, మూడూ నాకు పంపండి. ఏది పంపాలో అమ్మాయినే ఎంచుకోమంటాను.